ఎక్స్‌రేలో ఏమీ లేదు, గుర్రం మాత్రం కుంటుతూనే ఉంది. ఏం చేయాలి?

బిలోలి వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో ఏడేళ్ల నుక్రా (తెల్ల) ఆడగుర్రం ఉంది. పెళ్ళి బరాత్‌లకు తిప్పుతారు, కొంచెం నాచ్ (డప్పుకు ఆడటం) కూడా నేర్పించారు. సంక్రాంతి దాటాక కుడి ముందుకాలు కుంటడం మొదలైంది. నొప్పి ఇంజెక్షన్ వేయిస్తే మూడు నాలుగు రోజులు బాగుంటోంది, తర్వాత మళ్ళీ మామూలే. ఎక్స్‌రే తీయిస్తే ఎముకలు బాగున్నాయన్నారు. లాడాలు కొట్టే నాల్‌బంద్ చూసి డెక్కలో ఏమీ లేదన్నాడు. ఇంట్లో పెద్దవాళ్ళేమో భుజం పట్టేసింది, వాత పెట్టిస్తే పోతుంది అంటున్నారు. వైశాఖం పెళ్ళిళ్ళకు అడ్వాన్సులు కూడా తీసుకున్నారట. "కారణమే తెలియనప్పుడు దేనికి వైద్యం చేయించాలి సార్, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని రాశారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. నొప్పి ఇంజెక్షన్లు ఆపండి. బరాత్‌లు ఆపండి. వాత పెట్టించకండి. లాడం ఊడదీయించి, డెక్క అడుగు చెక్కించి, పశువైద్యుడి చేత మళ్ళీ చూపించండి. అక్కడా ఏమీ దొరక్కపోతే, నరాలకు మత్తిచ్చి నొప్పి ఎక్కడుందో పట్టుకునే పరీక్ష చేయగల చోటికి గుర్రాన్ని తీసుకెళ్ళండి. ఈ వరుస తప్పితే ఎన్ని మందులు వాడినా డబ్బు పోవడమే.

నేను పశువైద్యుణ్ణి. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ఎడ్లు, గేదెలే. అయినా మన నాందేడ్ జిల్లాలో గుర్రాలకు కొదవ లేదు. లోహా తాలూకాలో మాళేగావ్ ఖండోబా యాత్రకు గుర్రాలు, గాడిదలు, ఒంటెలు ఎక్కడెక్కడి నుంచో అమ్మకానికి వస్తాయి. నాందేడ్ హుజూర్ సాహిబ్‌లో గుర్రాలను పెంచడం ఒక సంప్రదాయం. పల్లెల్లో అయితే బరాత్ గుర్రమే ఒక కుటుంబానికి ఆధారం. అందుకే కుంటే గుర్రాలను చూడటం తప్పదు, చూసీ చూసీ కొన్ని విషయాలు తెలిశాయి.

మీ ఉత్తరంలో అందరూ ఏదో ఒక పేరు చెప్పారు తప్ప నొప్పి ఎక్కడుందో ఎవరూ వెతకలేదు. కారణం తెలియని కుంటు అని మనం అనేదాంట్లో చాలా భాగం, చోటు దొరకని కుంటు. చోటు దొరికితే కారణం సగం దొరికినట్టే. కాబట్టి వెతకాల్సింది చోటు.

ఎక్స్‌రే సంగతి. ఎక్స్‌రేలో కనబడేది ఎముక మాత్రమే. కండను ఎముకకు కట్టే టెండన్లు, ఎముకను ఎముకకు కట్టే లిగమెంట్లు, డెక్కలో చీము, మేకు ఒత్తిడి ఇవేవీ తిన్నగా కనబడవు. ఎముకలో కూడా 30 నుంచి 50 శాతం ఖనిజం తగ్గితే గానీ ఫిల్మ్ మీద తేడా తెలియదంటారు. సన్నటి చీలిక ఉంటే మొదటి రోజు ఎక్స్‌రేలో తప్పిపోయి, 10–14 రోజుల తర్వాత తీసినదాంట్లో బయటపడుతుంది. ఇంకో మాట. మీ ఎక్స్‌రే దేనికి తీశారు? మోకాలికా, భుజానికా, డెక్కకా? "కాలికి తీశారు" అని మాత్రమే రాశారు. నొప్పి డెక్కలో ఉండి ఎక్స్‌రే మోకాలికి తీస్తే అది బాగానే కనబడుతుంది మరి.

నొప్పి మందు ఎందుకు ఆపమన్నానంటే, మందు మీద ఉన్న గుర్రాన్ని పరీక్షించలేం. డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి అది చక్కగా నడుస్తుంది, ఇంటికొచ్చాక కుంటుతుంది. పరీక్షకు కనీసం రెండు మూడు రోజుల ముందు నుంచి నొప్పి మందు ఉండకూడదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. నొప్పి తెలియని గుర్రం దెబ్బతిన్న కాలి మీద పూర్తి బరువు వేసి ఎగురుతుంది. చిన్న చీలిక ఉంటే అది పెద్దదవుతుంది. అలా బరాత్ మధ్యలోనే కాలు విరిగిన గుర్రాన్ని చూడటానికి రాత్రిపూట నన్ను పిలిచిన సందర్భం ఉంది. దానికి చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఫినైల్‌బ్యూటజోన్ లాంటివి ఎక్కువ రోజులు వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్యలు కూడా వస్తాయి. డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ అయితే ఇంకా జాగ్రత్త: లోపల చీము ఉంటే దాన్ని పెంచుతుంది, కొన్ని గుర్రాల్లో డెక్క వాపు జబ్బును రేపే ప్రమాదమూ ఉంది. మీకు వేసిన ఇంజెక్షన్ పేరు చీటీ మీద లేకపోతే అడిగి రాయించుకోండి.

పక్క మాటే అయినా చెప్తాను. మెడికల్ షాపులో మనుషులకిచ్చే డైక్లోఫెనాక్ తెచ్చి గుర్రానికి పొడిచేవాళ్ళు ఇంకా ఉన్నారు. రాబందులు చచ్చిపోతున్నాయని పశువులకు ఆ మందును 2006లోనే నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లనూ ఆపారు. వాడొద్దు.

ఇప్పుడు డెక్క. గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ళ మీదే పడుతుంది. ముందుకాలి కుంటుల్లో ఎక్కువ వాటికి మూలం మోకాలి కింద, అందులోనూ డెక్కలోనే ఉంటుంది. కాబట్టి భుజం అని ఎవరన్నా, నరం అని ఎవరన్నా ముందు డెక్కను పూర్తిగా చూసి వదిలేయాలి. మీ నాల్‌బంద్ డెక్కలో ఏమీ లేదన్నాడు సరే, లాడం ఊడదీసి చూశాడా? లాడం ఉండగానే కాలెత్తి చూసి దించేస్తే అది చూసినట్టు కాదు.

మన వైపు నల్లరేగడి నేలల్లో ఒక ప్రత్యేకమైన బెడద ఉంది. కంది, పత్తి కోసేశాక మోళ్ళు మిగులుతాయి. కొడవలితో ఏటవాలుగా కోసిన కంది మోడు ఎండాక మేకులా నిలబడుతుంది. సంక్రాంతి చుట్టుపక్కల కోతలైన చేలల్లో గుర్రాన్ని మేతకు వదులుతారు. మోడు డెక్క అడుగున దిగి, ముక్క లోపలే విరిగి, పైన రంధ్రం మూసుకుపోతుంది. రక్తం కూడా కనబడదు. కొన్ని రోజులకు లోపల చీము పట్టి కుంటు మొదలవుతుంది. మీ గుర్రం కుంటడం మొదలైన కాలం చూస్తే నాకు మొదట తట్టింది ఇదే.

దెగ్లూర్ దగ్గర ఒక రైతు గుర్రానికి సరిగ్గా ఇలాగే జరిగింది. వారాల తరబడి భుజానికి మాలీష్‌లు, పట్టీలు, ఇంజెక్షన్లు. నేను వెళ్ళేసరికి భుజం కండ నిజంగానే తగ్గిపోయి ఉంది, అందుకే అందరూ భుజమే అనుకున్నారు. కాలు వాడకపోతే భుజం కండ ఎలాగూ తగ్గుతుంది. లాడం తీసి, డెక్క అడుగున పలచగా చెక్కితే నల్లటి చుక్క ఒకటి కనబడింది. హూఫ్ టెస్టర్ అని పట్కారు లాంటి పరికరం ఉంటుంది, దానితో ఆ చోట నొక్కితే గుర్రం కాలు లాగేసుకుంది. ఆ చుక్క వెంటే ఇంకాస్త చెక్కితే బూడిద రంగు చీము, కుళ్ళు వాసన, చివర్లో కంది పుల్ల ముక్క బయటపడ్డాయి. మర్నాటికే గుర్రం కాలు ఆనించింది.

చీము దొరికితే వైద్యం కష్టమేమీ కాదు. దారి చేసి కారనివ్వాలి. గోరువెచ్చని నీళ్ళలో ఎప్సమ్ సాల్ట్ కలిపి రోజూ కాసేపు డెక్క ముంచాలి. తర్వాత శుభ్రమైన దూది పెట్టి, పైన పిల్లల డైపర్ తొడిగి, వెడల్పు టేపు చుడితే మురికి లోపలికి పోదు. మందుల షాపులో అమ్మే ఖరీదైన కట్టు కన్నా మన పశువుల కొట్టంలో ఇదే ఎక్కువసేపు నిలుస్తుంది. యాంటీబయాటిక్ అవసరమా కాదా అన్నది డాక్టర్ చూసి చెప్పాలి, చీము కారకముందే అదొక్కటే వాడుతూ కూర్చుంటే లాభం ఉండదు. ధనుర్వాతం టీకా మాత్రం తప్పనిసరి. పశువులన్నింటిలో గుర్రానికి ధనుర్వాతం సులువుగా పట్టుకుంటుంది, పట్టుకుంటే చాలావరకు చావే. చిన్న మేకు గుచ్చుకున్నా టీకా ఎప్పుడు వేశారో చూసుకోవాలి.

డెక్క అడుగున మధ్యలో వేలితో నొక్కితే రబ్బరులా ఉండే ముక్కోణం ఉంటుంది కదా, ఆ ప్రాంతంలో మేకు గానీ పుల్ల గానీ కనబడితే మీరే లాగేయకండి. దాని పైనే కీలు, టెండన్, చిన్న నావిక్యులర్ ఎముక ఉంటాయి. ఎంత లోతుకు, ఎటువైపు దిగిందో ఎక్స్‌రేలో చూశాకే తీయాలి. ఎక్స్‌రే దగ్గర్లో లేక తీయక తప్పకపోతే, దిగిన చోటు గుర్తు పెట్టి, ఎంత పొడవు లోపల ఉందో మేకు మీదే గీత గీసి దాచండి.

లాడం వల్ల వచ్చే కుంటు కూడా డెక్క లెక్కలోకే వస్తుంది. మేకు సూటిగా మెత్తటి భాగంలో దిగితే గుర్రం అప్పుడే కాలు లాగుతుంది, అది ఎవరికైనా తెలుస్తుంది. దానికి దగ్గరగా దిగి ఒత్తిడి పెడితే మాత్రం రెండు మూడు రోజులకో, వారానికో కుంటు మొదలవుతుంది. లాడం కొట్టించిన తేదీ గుర్తుందా? కుంటు అంతకు కొన్ని రోజుల తర్వాతే మొదలైతే అనుమానం అటే పోవాలి. అప్పుడు ఒక్కో మేకూ విడివిడిగా లాగుతూ ఏ మేకు దగ్గర గుర్రం ఉలిక్కిపడుతుందో, ఏ మేకు తడిగా వస్తుందో చూడాలి. లాడాలు ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి తీసి, డెక్క కోసి, మళ్ళీ కొట్టాలి. మన వైపు లాడం అరిగి ఊడేదాకా ఉంచుతారు. ఈలోపు డెక్క ముందుకు పొడుగ్గా పెరిగి, మడమ కిందికి నలిగిపోయి, వెనక భాగమంతా ఒత్తిడికి గురవుతుంది. మడమ నొప్పికి ఇది పెద్ద కారణం. అలాంటి గుర్రం ముందు కొనను ఆనించి తర్వాత మడమ వేస్తుంది. పొట్టి అడుగులు వేస్తుంది, సిమెంటు రోడ్డు మీద గుండ్రంగా తిప్పితే ఇంకా ఎక్కువగా కుంటుతుంది, ఒక్కోసారి ఈ కాలు ఒక్కోసారి ఆ కాలు అన్నట్టు ఉంటుంది.

నాల్‌బంద్‌లను తిట్టడం నా ఉద్దేశం కాదు. మంచి నాల్‌బంద్ పది మంది డాక్టర్ల పెట్టు. మన జిల్లాలో వాళ్ళు తగ్గిపోతున్నారు, మిగిలినవాళ్ళలో చాలామంది ఎడ్లకు నాడాలు కొట్టి నేర్చుకున్నవాళ్ళు. ఎద్దు గిట్ట వేరు, గుర్రం డెక్క వేరు.

ఇంట్లో మీరు చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. తెల్లవారుజామున, ఎండ తగలకముందు, నాలుగు డెక్కలనూ అరచేత్తో తాకి చూడండి. ఒక్కటే వేడిగా ఉందా? డెక్క పైన ఉండే కీలు వెనక వైపు రెండు పక్కలా వేళ్ళు పెట్టి తడిమితే దారంలా జారే ఒక నరాల కట్ట తగులుతుంది, అందులోనే నాడి కొట్టుకుంటుంది. బాగున్న కాలికి అది తెలిసీ తెలియనట్టు ఉంటుంది. ఒక కాలికి మాత్రం టకటకా గట్టిగా కొడుతుంటే ఆ డెక్కలో ఏదో ఉన్నట్టే. రోజూ చూస్తే నాలుగైదు రోజుల్లో చెయ్యికి అలవాటవుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి 28–44 సార్లు కొట్టుకోవాలి. దానికంటే బాగా ఎక్కువుంటే నొప్పి తీవ్రంగా ఉన్నట్టు.

తర్వాత వీడియో. అసలు ఏ కాలు కుంటుతోందో ముందు తేల్చండి. నవ్వకండి, తప్పు కాలికి నెలల తరబడి వైద్యం చేసిన వాళ్ళున్నారు. గట్టి రోడ్డు మీద, తాడు వదులుగా పట్టుకుని, గుర్రాన్ని దుల్కీలో పరిగెత్తించండి, అంటే నడకకీ పరుగుకీ మధ్య జోరులో. తల పక్కన తాడు బిగించి పట్టుకుంటే తల ఆట కనబడదు. ఫోన్‌ను కింద, మోకాలి ఎత్తులో పెట్టి స్లో మోషన్‌లో తీయండి. ముందుకాలి కుంటులో నొప్పి కాలు నేల తాకినప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు తాకినప్పుడు కిందికి వంగుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా చదువుతారు. వెనక నుంచి తీస్తే, వెనకకాలి కుంటులో నొప్పి వైపు తుంటి ఎక్కువగా పైకీ కిందికీ ఆడుతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది: వెనక కుడికాలు కుంటితే, దుల్కీలో తల ఆట వల్ల ముందు కుడికాలు కుంటుతున్నట్టు కనబడుతుంది. మీరు కుడి ముందుకాలు అన్నారు కదా, వెనక కుడికాలిని కూడా మర్చిపోకుండా చూడండి. తర్వాత గుండ్రంగా, ఎడమకీ కుడికీ, మెత్తటి నేల మీదా గట్టి నేల మీదా తిప్పి తీయండి. గట్టి నేల మీద ఎక్కువైతే డెక్క వైపు, మెత్తటి నేల మీద ఎక్కువైతే టెండన్, లిగమెంట్ల వైపు మొగ్గు చూపుతుంది. ఇది నియమం కాదు, ఆచూకీ.

రెండు ముందు డెక్కలూ ఒకేసారి నొస్తే తల ఆడదు. కుంటు లేదనిపిస్తుంది. గుర్రం మాత్రం ముళ్ళ మీద నడిచినట్టు అడుగులేస్తుంది, బరువు వెనక్కి వేసి ముందుకాళ్ళు చాచి నిలబడుతుంది. ఇది డెక్క వాపు, ఇంగ్లీషులో లామినైటిస్. బరాత్ గుర్రాలకు ఇది మన చేతులారా తెచ్చే జబ్బు: పెళ్ళివారు ప్రేమగా జిలేబీలు, బూందీ, అన్నం పెడతారు, ఇంటి దగ్గర మనం గుగ్గిళ్ళు దట్టిస్తాం, పైగా సిమెంటు రోడ్డు మీద గంటల తరబడి గెంతడం. ఈ లక్షణాలు కనబడితే నడిపించి వదిలిద్దాం అనుకోకండి. ఆ రాత్రే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. దాణా ఆపి, ఎండుగడ్డి మాత్రం పెట్టి, మెత్తటి పడక వేసి, డెక్కలు మంచునీళ్ళలో ఉంచాలి. మొదటి రెండు మూడు రోజుల్లో చేసే చల్లదనం వైద్యమే ఎక్కువ పని చేస్తుంది. మీ గుర్రానికి ఒక కాలే అంటున్నారు కాబట్టి దీని గురించి ఇంతకంటే సాగదీయను.

డెక్కలో నిజంగానే ఏమీ లేదని తేలాక అసలు పని మొదలవుతుంది. డాక్టర్ లిగ్నోకైన్ లాంటి మందును కాలి కింది భాగంలో, నరం మీద కొద్దిగా ఎక్కిస్తారు. కొన్ని నిమిషాల తర్వాత మళ్ళీ దుల్కీ వేయిస్తారు. కుంటు పోతే నొప్పి ఆ మత్తు పరిధిలో, అంటే డెక్క వెనక భాగంలో ఉన్నట్టు. పోకపోతే కొంచెం పైన, మళ్ళీ ఇంకొంచెం పైన. ఇంట్లో కరెంటు పోతే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూసినట్టు, కింద నుంచి పైకి. చోటు దొరికాక ఆ చోటికే ఎక్స్‌రే, ఆ చోటికే అల్ట్రాసౌండ్. అప్పుడు ఫిల్మ్ మీద పెట్టిన డబ్బుకు అర్థం ఉంటుంది. ఒక జాగ్రత్త: ఎముక చీలిక ఉందేమో అని అనుమానం ఉన్నప్పుడు మత్తు ఇచ్చి పరిగెత్తించకూడదు. నేరుగా ఎక్స్‌రే తీయాలి.

ఈ పద్ధతితోనే దొరికిన కేసు ఒకటి మీకు బాగా పనికొస్తుంది. ధర్మాబాద్ దగ్గర నాచ్ గుర్రం, మీలాగే బరాత్‌లకు తిప్పేవాళ్ళది. ఎక్కడా వాపు లేదు, వేడి లేదు, ఎక్స్‌రే శుభ్రం. నడకలో ఏమీ తెలియదు, దుల్కీలో మెత్తటి నేల మీద గుండ్రంగా తిప్పితే కుంటుతుంది. విశ్రాంతి ఇస్తే పోతుంది, నాచ్ మొదలుపెడితే మళ్ళీ వస్తుంది. వాళ్ళను పర్భణీ పశువైద్య కళాశాలకు పంపాను. కింద మత్తుకు తేడా రాలేదు, మోకాలి కిందే ఇంకాస్త పైన ఇచ్చిన మత్తుకు కుంటు పోయింది. అల్ట్రాసౌండ్‌లో సస్పెన్సరీ లిగమెంట్ పైకొస దగ్గర దెబ్బ కనబడింది. ఆ చోట లిగమెంట్ మోకాలికి కాస్త కింద, కాలి వెనక వైపు, ఎముకకు అతుక్కుని లోతుగా ఉంటుంది, అందుకే వాచినా చేతికి తగలదు. డప్పు దెబ్బకు కాళ్ళెత్తి అదే చోట గెంతించే గుర్రానికి, అదీ తారు రోడ్డు మీద, ఆ లిగమెంట్‌కు పడే లాగుడు ఊహించుకోండి. చాలా నెలల విశ్రాంతి, చేత్తో పట్టుకుని నడిపించడం, అల్ట్రాసౌండ్ మళ్ళీ చూపించుకోవడం. ఇప్పుడు బరాత్‌లకు వెళ్తుంది. నాచ్ మాత్రం మాన్పించారు. మీ గుర్రం కథలో మందుకు తగ్గి పనికి తిరగబెట్టే తీరు చూస్తే, డెక్క శుభ్రంగా ఉందని తేలితే నా రెండో అనుమానం ఇదే.

భుజం సంగతికొస్తే, భుజం నిజంగా నొచ్చే గుర్రాలు ఉంటాయి కానీ అరుదు. అవి కాలు ముందుకు చాచలేక ఈడుస్తాయి, మీరు చెప్పిన తీరు అది కాదు. వాత గురించి అడిగారు. ఎర్రగా కాల్చిన ఇనుముతో చర్మం కాలిస్తే లోపలి లిగమెంట్ అతకదు. వాత పెట్టిన గుర్రం బాగుపడిందని చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, పుండు మానేదాకా ఆ గుర్రాన్ని పనికి వాడలేదు కాబట్టి బాగుపడింది. ఆ విశ్రాంతి కాల్చకుండానే ఇవ్వొచ్చు. చర్మం బొబ్బలెక్కించే ఎర్ర మలాములు కూడా ఇదే కోవ.

చదివే మిగతావాళ్ళ కోసం వెనకకాళ్ళ కుంటు గురించి ఒక మాట. వానాకాలం చివర, ఎడ్లూ గేదెల పక్కనే కట్టేసిన గుర్రం నడుము వదులైనట్టు తూలడం, వెనక డెక్కల కొనలు నేలకు రాసుకోవడం, మలుపు తిరిగేటప్పుడు కాళ్ళు అడ్డం పడటం మొదలైతే అది కాలి జబ్బు కాకపోవచ్చు. పశువుల కడుపులో ఉండే సెటేరియా అనే పురుగు పిల్లలను దోమలు గుర్రానికి ఎక్కిస్తాయి. అవి వెన్నుపాములోకి పోతే వచ్చే జబ్బును కుమ్రీ అంటారు. నడిచేటప్పుడు తోక పక్కకి లాగి చూడండి, బాగున్న గుర్రం ఎదురు లాగుతుంది, ఇది తూలి వచ్చేస్తుంది. మొదటి రోజుల్లోనే మందు పడితే ఆశ ఉంటుంది, ఆలస్యమైతే తక్కువ. అలాగే కాలంతా వాచి, తాడులా గడ్డలు పొంగి, పగిలి జిగురు కారుతుంటే చేతులకు గ్లవుజులు లేకుండా ముట్టుకోకండి. అది గ్లాండర్స్ కావొచ్చు. అది మనుషులకు కూడా సోకే జబ్బు, సర్కారుకు తెలియజేయడం తప్పనిసరి. రక్తపరీక్ష హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో చేస్తారు, నమూనా మీ పశు వైద్యశాల ద్వారానే వెళ్తుంది.

అన్నీ చేసినా చోటు దొరకని గుర్రాలు కొన్ని మిగులుతాయి. అప్పుడేం చేయాలి? పన్నెండడుగుల చదరం కొట్టంలో మెత్తటి నేల వేసి కట్టకుండా వదలండి. దాణా సగానికి పైగా తగ్గించండి. పని లేని గుర్రానికి పాత లెక్కనే శనగలు, గుగ్గిళ్ళు పెడితే డెక్క వాపో, కండలు పట్టేయడమో, కడుపునొప్పో తెచ్చుకుంటుంది. జొన్న చొప్ప, ఎండుగడ్డి, ఉప్పు గడ్డ, నీళ్ళు చాలు. లాడాలు తీయించి డెక్క కోయించండి. రెండు వారాల తర్వాత రోజూ కాసేపు చేత్తో పట్టుకుని నడిపించండి, బాగుంటే నెమ్మదిగా సమయం పెంచండి. నెలన్నరకు మళ్ళీ అదే రోడ్డు మీద, అదే ఎత్తులో ఫోన్ పెట్టి వీడియో తీసి పాతదానితో పోల్చండి. మన కళ్ళు ఆశపడతాయి, వీడియో పడదు. నేను చూసిన ఒక మార్వారీ ఆడగుర్రానికి పర్భణీలో చూసినా, హైదరాబాద్‌లో రేసు గుర్రాలు చూసే డాక్టర్‌కు చూపినా కారణం తేలలేదు. విశ్రాంతిలో హాయిగా ఉండేది, పనికి దిగితే కుంటేది. యజమాని దాన్ని పనికి మాన్పించి పిల్లల్ని కనడానికి ఉంచాడు. మంచి నిర్ణయమే అనుకుంటాను. అయితే పుట్టుకతో వచ్చిన కాళ్ళ వంకరే కుంటుకు కారణమైతే మాత్రం ఆ గుర్రం చేత పిల్లల్ని కనిపించకూడదు.

ఇక అడ్వాన్సుల గురించి. ఇది మీరు అడగలేదు కానీ మీకు నిద్ర పట్టకపోవడానికి అసలు కారణం ఇదే అనుకుంటున్నాను. పెళ్ళివారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. మీలాంటి ఇంకో గుర్రం వాళ్ళకు ఆ పని ఇప్పించి, కమీషన్ మాట్లాడుకోండి. ఈ ఊళ్ళలో గుర్రాలవాళ్ళంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళే, రేపు వాళ్ళ గుర్రానికి జ్వరమొస్తే మీ దగ్గరికే వస్తారు. కుంటే జంతువును పనిలో పెట్టడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. పెళ్ళి ఊరేగింపులో ఎవరో ఒకరు ఫోన్‌లో వీడియో తీస్తారు, ఆ గొడవ వేరే. ఇంజెక్షన్ వేసి సంతలో అమ్మేద్దాం అని సలహా ఇచ్చేవాళ్ళు తప్పకుండా వస్తారు. ఆ గుర్రం కొన్నవాడు మీలాగే ఒక ఇంటిని నడుపుకునేవాడై ఉంటాడు. మీరు కొనేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి: బేరం రోజు కాకుండా, రెండు రోజులు ఆగి మళ్ళీ గట్టి రోడ్డు మీద దుల్కీ వేయించి చూశాకే డబ్బు ఇవ్వండి.

ఎక్కడికి వెళ్ళాలి అంటే, ముందు మీ తాలూకా పశు వైద్యశాల, లేదా 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనం. డెక్క చెక్కించడం, ధనుర్వాతం టీకా వరకు అక్కడే అయిపోతుంది. మత్తు పరీక్ష, అల్ట్రాసౌండ్ కావాలంటే మనకు పర్భణీ పశువైద్య కళాశాల ఉంది, ఉద్‌గీర్‌లోనూ ఒకటి ఉంది. రెండూ నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న మహారాష్ట్ర పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కిందివే. ముందు ఫోన్ చేసి గుర్రాలు చూసే డాక్టర్ ఏ రోజు ఉంటారో, అల్ట్రాసౌండ్ పని చేస్తోందో కనుక్కుని బయల్దేరండి. బండిలో గుర్రం కింద మట్టో గడ్డో మందంగా వేయండి, జారకూడదు. వెంట తీసుకెళ్ళాల్సినవి: పాత ఎక్స్‌రే ఫిల్ములు, వేసిన మందుల పేర్లు తేదీలతో, చివరిసారి లాడం కొట్టిన తేదీ, మీరు తీసిన వీడియోలు, వీలైతే నాల్‌బంద్‌ను కూడా. డాక్టర్ చెక్కేటప్పుడు అతను పక్కనుంటే తర్వాత లాడం ఎలా కొట్టాలో అక్కడే మాట్లాడుకోవచ్చు.

లాడం తీయించాక ఏం కనబడిందో ఇక్కడ రాయండి, వీడియో కూడా పెట్టండి. వీడియో కింద మాత్రం ఏ కాలు అన్నది రాయకండి, రాస్తే చూసేవాళ్ళ చూపు ముందే అటు పోతుంది.